లాయాలు పోయినా వీధులు మిగిలినవి

చరిత్ర అనగానే మన విద్యార్థులకు కోటలు, యుద్ధాలు, పట్టాభిషేకాలు స్ఫురిస్తాయి. రాజు ఎక్కిన గుర్రాన్ని రాత్రి ఎక్కడ కట్టివేసినారు, దానికి గడ్డి వేసినవాడు ఎక్కడ పడుకున్నాడు అన్న ప్రశ్న ఏ పరీక్షాపత్రంలోనూ రాదు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

లండన్ నగరంలో 'మ్యూస్' అనే పేరుగల సందులు అనేకం ఉన్నాయి. ఆ మాటకు మొదటి అర్థం వేటడేగలు ఈకలు రాల్చే కాలంలో వాటిని ఉంచే శాల. చేరింగ్‌క్రాస్ వద్ద 14వ శతాబ్దంలో రాజుగారి డేగలు అటువంటి శాలలో ఉండేవి. 1534లో అది అగ్నికి ఆహుతి అయినది. తిరిగి కట్టినప్పుడు అక్కడ గుర్రాలను కట్టినారు, పేరు మాత్రం డేగలదే నిలిచినది. తరువాతి శతాబ్దాలలో సంపన్నుల భవనాల వెనుక వెలసిన లాయపు సందులన్నింటికీ ఆ పేరే వచ్చినది. క్రింద బండి, గుర్రం. పైన గడ్డి, బండివాని కుటుంబం. యజమాని తోటవైపు చూడరాదని చాలా ఇళ్ళకు వెనుక కిటికీలే పెట్టలేదు! మోటారుకార్లు రాగా లాయాలు గ్యారేజీలైనవి, పిమ్మట నివాసగృహాలైనవి. నేడు వాటి ధర బండివాని వారసులకు అందేది కాదు. గుర్రం ఉన్న కాలంలో అక్కడ పేదవాడు ఉండగలిగినాడు, గుర్రం వెళ్ళిపోయిన తరువాత ఉండలేకపోయినాడు.

అంత దూరం పోనవసరం లేదు. హైదరాబాదులో బేగంబజారు ప్రక్కన ఫీల్‌ఖానా ఉన్నది. ఫీల్ అంటే పారశీకంలో ఏనుగు; ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నేడు అక్కడ ఏనుగు లేదు, టోకు వర్తకం ఉన్నది. సరుకు దింపుకొనే హమాలీ రోజుకు పదిసార్లు ఆ పేరు పలుకుతాడు. 'పాయగా' మాట సంగతీ ఇట్టిదే. లాయమనీ అశ్వదళమనీ దానికి అర్థం. నిజాం అలీఖాన్ (1762–1803) కొలువులో ఉన్న తేగ్‌జంగ్ వంశీయులు జాగీర్లు పొంది సైన్యాన్ని పోషించి ఆ పేరుతోనే ప్రసిద్ధులైనారు. ఆ వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా భవనం కట్టించినాడు. దానిని చూచినవారు షాండిలియర్లను గురించి చెబుతారు. గుర్రాలను మాలీషు చేసిన సాయీసులను గురించి చెప్పినవారిని నేను ఇంతవరకు ఎరుగను.

మన సీమకూ ఈ కథలో భాగమున్నది. త్రిపురాంతకం మనకు దగ్గరే. ఆ ప్రాంతాన్ని ఏలిన కాయస్థ నాయకులలో మొదటివాడు గంగయ సాహిణి, కాకతి గణపతిదేవుని సేనాని. సాహిణి అంటే అశ్వదళాధిపతి. అరబ్బీ నుండి వచ్చిన 'సాయీసు'కు, ఈ 'సాహిణి'కి చెవికి చుట్టరికం తోస్తుంది కాని పుట్టుకలు వేరు. సాహిణి శాసనానికి ఎక్కినాడు. సాయీసు ఎక్కలేదు.

తరువాత వచ్చినవాడు జట్కా సాయిబు. ఆంధ్రదేశంలో ఏ ఊరి పెద్దలను అడిగినా రైలు దిగి ఊరిలోకి వచ్చిన ప్రయాణాలను చెబుతూ ఆయనను తలుస్తారు. మార్కాపురం రోడ్డు స్టేషను ఊరికి ఎంత దూరమో మనకు తెలుసు. బస్సులు, ఆటోలు లేని రోజులలో ఆ దూరం ఎట్లా దాటినారో మన ఇళ్ళలోని వృద్ధులను అడగవలసి ఉన్నది. ఆ బండ్లు నిలిచిన చోటు, గుర్రానికి నాడాలు కొట్టిన చోటు, ఉలవలు ఉడికించిన ఇల్లు ఏ సందులోవో చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. పలకల ఊరు అని దేశమంతటా పేరు పొందిన చోట మన సందుల సంగతి వ్రాసుకొనడానికి ఒక పలక దొరకకపోవడం విచిత్రమే!

పాత పేర్లు దాస్యచిహ్నాలు గదా, మార్చివేస్తే తప్పేమిటని కొందరు మిత్రులు వాదిస్తారు. కొత్త కాలనీకి నాయకుల పేరు పెట్టండి, అభ్యంతరం లేదు. కాని పాత సందు పేరు చాలాసార్లు అక్కడ పనిచేసినవాని ఏకైక దస్తావేజు. అతనికి పట్టా లేదు, సమాధిపై రాయి లేదు. బోర్డు మారిన నాడు అతడు పూర్తిగా మాయమవుతాడు. సాయీసు దాస్యం చేసినాడన్నది నిజమే. ఆ దాస్యాన్ని మరచిపోవడం అతనికి ఏ విధంగా విముక్తి అవుతుందో నాకు బోధపడదు. రోడ్డు వెడల్పు చేయడం తప్పనిసరి కావచ్చు. కూల్చేముందు వ్రాసుకొనడానికి ఖర్చేమున్నది?

కళాశాల కమిటీవారికి నాదొక విన్నపం. వచ్చే సంచికలో పది పుటలు దీనికి కేటాయించండి. సెలవులలో ఒక్కొక్క విద్యార్థి తన వీధిలోని ఒక్క వృద్ధునితో, వీలైతే ఒక వృద్ధురాలితోనూ మాట్లాడి, వారు చెప్పిన మాటను వారి మాటగానే వ్రాసి తీసుకురావాలి. ఇంట ఉర్దూ మాట్లాడేవారి సంగతులు ఉర్దూ విభాగంలో, తెలుగువారివి తెలుగు విభాగంలో వేయవచ్చు. రెండు భాషలలోనూ ఒకే సందును గురించి వస్తే ప్రక్కప్రక్కనే వేయండి. దిద్దే పని నేను చేస్తాను.