బంతిభోజనానికీ బల్లభోజనానికీ నడుమ ఒక పసిపిల్ల

రెండేళ్ళు నిండి మూడు నెలలైన పిల్లను వెంటబెట్టుకుని ఖరీదైన భోజనశాలకు వెళ్ళవచ్చునా, కూడదా? పెళ్ళికాని రోజుల్లో ఈ ప్రశ్నకు నా దగ్గర తడుముకోనక్కరలేని జవాబు ఉండేది. కూడదు, అంతే. హైదరాబాదులో ఒక పెద్ద హోటలులో పక్క బల్ల దగ్గర ఒక పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, వాడి తల్లి వంక నేను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "ఇంట్లో ఉండలేకపోయారా?" అన్నది ఆ చూపుకు అర్థం. ఆవిడకు అది తెలిసింది కూడాను. కంచంలో సగం అలాగే వదిలి, పిల్లవాడిని భుజాన వేసుకుని బయటికి నడిచింది. నేను మాత్రం మిగిలిన భోజనం ప్రశాంతంగా ముగించాను. ఆ ప్రశాంతతకు వడ్డీతో సహా చెల్లించవలసిన రోజు ఒకటి వస్తుందని అప్పుడు తోచలేదు.

గత డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి పాండిచేరి వెళ్ళాము. (2006 నుండి అధికారికంగా పుదుచ్చేరి, నా నోటికి పాత పేరే వస్తుంది, మన్నించగలరు.) అక్కడ సముద్రానికి దగ్గరగా ఉన్న ఫ్రెంచివారి వీధుల్లో, పసుపు గోడల మీదుగా కాగితంపూలు వాలే పాత భవంతుల్లో చాలావాటిని ఇప్పుడు భోజనశాలలుగా మార్చారు. నడుమ ముంగిలి, ముంగిట్లో చెట్టు, చెట్టు కింద తెల్లగుడ్డ పరచిన బల్లలు, బల్ల మీద ఒక చిన్న దీపం. మా ఆవిడ ఈ దీపం బల్ల గురించి ప్రయాణానికి నెల ముందు నుండీ మాట్లాడుతోంది. "పొగలు వచ్చే అన్నం తిని రెండేళ్ళయింది నేను. ఒక్క పూట, ఒక్క పూట వేడిగా తింటాను," అంది. తల్లులైన వారికి ఈ వాక్యం వివరించనక్కరలేదు. తండ్రులకు వివరించవలసి రావడమే విచారించవలసిన సంగతి.

చిక్కల్లా వేళ దగ్గర వచ్చింది. అక్కడ చాలాచోట్ల రాత్రి భోజనం ఏడింటికో ఏడున్నరకో మొదలవుతుంది, ఎనిమిదిన్నరకు గానీ రద్దీ కాదు. మా అమ్మాయి పొద్దు సరిగ్గా ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. ఆపైన మేలుకుని ఉన్న ప్రతి నిమిషమూ అందరికీ శిక్షే. మా ఊళ్ళో అయితే అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళే వీలుంది. పరాయి ఊళ్ళో అమ్మమ్మ ఎక్కడినుండి వస్తుంది? "ఇంట్లో ఉండలేకపోయారా" అన్న నా పాత చూపులోని డొల్లతనం నాకు అక్కడ తెలిసింది. ఇల్లు ఏడువందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. విహారయాత్రలో బయట తినడం విలాసమూ కాదు, ఎంపికా కాదు.

మొదటి రాత్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫోను చేసి, ముగ్గురం వస్తున్నాము, అందులో ఒకరు పసిపిల్ల అని ముందే చెప్పాము. సరేనన్నారు. తీరా వెళ్ళాక మేనేజరు పిల్ల వంక ఒకసారి చూసి, ముంగిట్లో సగం బల్లలు ఖాళీగా ఉండగానే మమ్మల్ని లోపలికి నడిపించి, వంటగది తలుపు పక్కన, ఒక స్తంభం చాటున కూర్చోబెట్టాడు. దీపం లేదు, చెట్టు లేదు, అంట్ల గిన్నెల మోత మాత్రం ఉంది. పిల్లలను రానివ్వము అని ఫోనులోనే చెప్పివుంటే నాకు కోపం వచ్చేది కాదు. రమ్మని చెప్పి, వచ్చాక దాచిపెట్టడం ఏ మర్యాద?

సూపు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, అటువంటి చోట మనం డబ్బు పెట్టి కొనేదే ఆ నిదానాన్ని. కానీ రెండేళ్ళ పిల్ల దగ్గర నిదానం అనే సరుకు ఉండదు. మొదటి పది నిమిషాలు రొట్టె ముక్కలు, ఆపైన ఐదు నిమిషాలు నాప్కిన్ చీర, ఇంకో ఐదు నిమిషాలు గాజుగ్లాసు మీద ఫోర్కుతో జలతరంగం. ఆ తరువాత రాగం మారింది. స్తంభం అవతలినుండి ఒకరిద్దరు తొంగి చూశారు. నేను జేబులోనుండి సెల్‌ఫోను తీసి, కుందేలుబొమ్మ పాటేదో పెట్టి, ఆమె ముందు గ్లాసుకు ఆనించి నిలబెట్టాను.

మంత్రం వేసినట్టు నిశ్శబ్దం. మేనేజరు ఆ రాత్రి మమ్మల్ని చూసి నవ్వింది ఆ ఒక్క క్షణమే.

మా ఆవిడ వేడి సూపు తాగింది. ఒక చేత్తో తాను తింటూ, ఒక చేత్తో ముళ్ళు లేకుండా విడదీసిన చేప ముక్కలు పిల్ల నోట్లో పెట్టసాగింది. పిల్ల నోరు తెరుస్తోంది, మూస్తోంది, మింగుతోంది. కళ్ళు కుందేలు మీదినుండి కదలడం లేదు. మధ్యలో చూసుకోక, చేప పక్కన ఉంచిన నిమ్మచెక్క ముక్కొకటి పిల్ల నోట్లోకి వెళ్ళిపోయింది. మా అమ్మాయి నిమ్మకాయ తిన్నప్పుడు పెట్టే ముఖం మా ఇంట్లో ఒక వినోదం. ముక్కు, కళ్ళు, నుదురు అన్నీ ఒకచోటికి వచ్చి ముడుచుకుంటాయి, ఒళ్ళంతా జలదరిస్తుంది. ఆ రాత్రి ఆ ముఖంలో ఏదీ కదలలేదు. నమిలింది, మింగింది, మళ్ళీ నోరు తెరిచింది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. సూపు ఇంకా వేడిగానే ఉంది, రుచి మాత్రం పోయింది.

రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, ఆపైన రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ లెక్క ప్రకారం మేము ఆ రాత్రి నేరమేమీ చేయలేదు, గంటలోపే ముగించాము. నా బాధ నిమిషాల లెక్కకు సంబంధించినది కాదు. పుల్లగా ఉందో కమ్మగా ఉందో తెలియకుండా ఒక మనిషి చేత తిండి తినిపించాము. అదీ, పక్క బల్లవారు మమ్మల్ని చూడకుండా ఉండేందుకు. ఈ బేరంలో డబ్బు మాది, ప్రశాంతత వాళ్ళది, పోయిన రుచి ఏమీ అడగలేని ఆ పిల్లది.

మరి మన పెద్దలు మాత్రం చందమామను చూపించి తినిపించలేదా అని అడిగేవారు ఉంటారు. నిజమే, ఏమార్చడం అందులోనూ ఉంది. కానీ చందమామ కథ చెప్పే మనిషి ముద్ద కలిపే మనిషే. "ఇది తాతయ్య ముద్ద, ఇది మామయ్య ముద్ద" అంటూ ఆ కథ ముద్ద చుట్టూనే తిరుగుతుంది, పిల్ల వద్దని తల తిప్పితే ఆగుతుంది. కుందేలు ఆగదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించినప్పుడు తోచిన మాట ఒకటి ఇక్కడ పెడుతున్నాను. రెస్టారెంటు అనే ఏర్పాటు 18వ శతాబ్దపు రెండవ సగంలో పారిస్‌లో రూపుదిద్దుకుంది. ఆ మాటకు మొదటి అర్థం ఒంటికి సత్తువ తెచ్చే ఒక రకం మాంసపు చారు. దాన్ని అమ్మే చోటుకు తరువాత ఆ పేరు వచ్చింది. అంతకుముందు సత్రాలలో ఒక నియమిత వేళకు, అందరికీ కలిపి వేసిన ఒకే బల్ల దగ్గర, పెట్టినది తినాలి. రెస్టారెంటు తెచ్చిన కొత్తదనం ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది, ధరలు రాసిన పట్టికలోనుండి ఎవరికి కావలసినది వారిది అన్న పద్ధతి. అంటే పదిమంది నడుమ కూర్చుని కూడా ఒంటరిగా ఉండగలిగే సౌకర్యం. ఖరీదు పెరిగేకొద్దీ మనం కొనేది ఆ ఒంటరితనాన్నే, అందుకే బల్లలు దూరం జరుగుతాయి, దీపాలు చిన్నవవుతాయి. పసిపిల్ల ఏడుపు ఆ కనబడని గోడను ఒక్క గుక్కలో కూల్చేస్తుంది. పక్కవారి కోపానికి కారణం శబ్దమొకటే అయితే, అంట్ల గిన్నెల మోతకు కూడా ఎవరో ఒకరు తొంగి చూసి ఉండాలి కదా!

మనం పెరిగింది బంతిభోజనాలలో. పెళ్ళిలో నలభైమంది వరుసగా కూర్చుంటే, తాత పక్కన చిన్న ఆకు ముక్క వేయించుకుని మనవడు కూర్చుంటాడు. వాడు సాంబారు ఒలకబోస్తాడు, పక్కవారి ఆకులోని బూరె మీద చెయ్యి వేస్తాడు, పెద్దలంతా ముగించేదాకా లేవకూడదన్న నియమాన్ని మూడోసారి అతిక్రమించి లేచిపోతాడు. ఎవరూ ఆ తల్లి వంక చూడరు. వడ్డించేవాడే "ఏం బాబూ, పెరుగు వద్దా?" అని పిలిచి కూర్చోబెడతాడు. బంతిలో గోడలు లేవు కనుక కూలేదీ లేదు. (బంతి అంతా స్వర్గమని నేననడం లేదు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోనివ్వలేదో మనకు తెలియని చరిత్ర కాదు.) బంతిలో తినడం నేర్చినవాళ్ళం బల్ల దగ్గరికి వచ్చి, బంతిలో దొరికే ఓర్పునే ఇక్కడా ఆశిస్తున్నాము. పక్కవారు ఆ ఓర్పుకు ఒప్పుకుని రాలేదు. వారి వైపునుండి చూస్తే అది న్యాయమే.

అలాగని పిల్లలను మొత్తానికే కాదనడం న్యాయమా? దక్షిణ కొరియాలో ఈ తగవు బాగా ముదిరింది. 2011లో బుసాన్‌లోని ఒక భోజనశాలలో పదేళ్ళ బిడ్డ, వేడినీళ్ళు తెస్తున్న ఉద్యోగికి తగిలి ఒళ్ళు కాల్చుకుంటే, 2013లో న్యాయస్థానం యజమాని చేత నష్టపరిహారం కట్టించింది. ఆ తరువాతి సంవత్సరాలలో పిల్లలకు ప్రవేశం లేదన్న బోర్డులు ఆ దేశంలో చాలా వెలిశాయి. జెజు ద్వీపంలో పదమూడేళ్ళలోపు వారిని రానివ్వని ఒక భోజనశాల విషయంలో, అది వివక్షేనని వారి మానవహక్కుల సంఘం 2017లో తేల్చింది. ఆ సంఘం చేసేది సిఫారసే కనుక బోర్డులు పోలేదు. నాకు ఆ యజమానుల భయమూ అర్థమవుతుంది, ఆ సంఘం మాటా సబబుగా తోస్తుంది. చేతిలో పొగలుకక్కే పళ్ళెంతో నడిచే మనిషి కాళ్ళ నడుమ పరిగెత్తే పిల్లను చూస్తూ మురిసిపోయే తల్లిదండ్రులను నేనూ చూశాను. అక్కడ నేను వెయిటరు పక్షమే. కానీ తప్పు పరుగుది, వయసుది కాదు. పరిగెత్తిన పిల్లను ఆపమనవచ్చు; ఆపకపోతే వెళ్ళమనవచ్చు. గుమ్మంలోనే పుట్టిన తేదీ అడిగి పంపేయడం వేరే సంగతి.

రెండో రాత్రి వేరే చోటికి వెళ్ళాము, ఈసారి కొంత తెలివితో. మధ్యాహ్నమే ఫోను చేసి తలుపులు తీసే వేళకు, ఏడింటికే వస్తామన్నాము. కూర్చోగానే అన్నీ ఒకేసారి చెప్పి, వరుసలు పాటించకుండా ఏది ముందైతే అది తెమ్మన్నాము. ఫోను రెండూ గదిలోనే వదిలేశాము. వీధి వైపు అరుగు పక్కన బల్ల అడిగాము, లేచి బయటపడడానికి వీలుగా. మా ఆవిడ పిల్లతో "బువ్వ వస్తోంది, ఆగమ్మా" అంటుంటే, నీళ్ళు పోస్తున్న కుర్రవాడు ఆగిపోయాడు. "తెలుగువారాండీ? మాది యానామండీ, ఆయ్!" అన్నాడు. గోదావరి ఒడ్డున ఉంటూ 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలోనూ, ఇప్పుడు పుదుచ్చేరి పాలనలోనూ ఉన్న ఊరు. అతను ఎక్కడినుండో ఒక హైచెయిర్ మోసుకొచ్చాడు. దానికి పట్టీ తెగిపోయివుంది. మా ఆవిడ చున్నీ తీసి నడుముకు చుట్టి కుర్చీకి ముడివేసింది.

1972లో నార్వే రూపశిల్పి పీటర్ ఓప్స్‌విక్ తన కొడుకు కోసం ఒక కుర్చీ రూపొందించాడు. పిల్లతో పాటు పెరిగేలా, పీటనూ కాళ్ళపలకనూ జరుపుకునే కుర్చీ. దాని ఉద్దేశం పిల్లను కట్టివేయడం కాదు, పెద్దలు తినే బల్ల ఎత్తుకు తీసుకురావడం. చున్నీతో కట్టిన ఆ కుర్చీలో మా అమ్మాయి మొదటిసారి మా కళ్ళ ఎత్తులో కూర్చుని, ఎవరెవరు ఏమేమి తింటున్నారో తీరికగా పరిశీలించింది.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. నీళ్ళగ్లాసు ఒలికింది. వెన్న చిన్న చేతులనుండి బల్లగుడ్డకు, అక్కడినుండి నా చొక్కాకు చేరింది. పావుగంట కాగానే కుర్చీ మీద విసుగు పుట్టి గొంతు లేచింది. మూడు బల్లల అవతల కూర్చున్న ఒక పెద్దాయన తలెత్తి చూశాడు. ఆ చూపు నాకు పరిచయమే. నేను చూసినదే అది, పదేళ్ళ తరువాత నా దగ్గరికి తిరిగి వచ్చింది. వెంటనే చున్నీ విప్పి పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాను. సాయంత్రం నుండి సముద్రపు ఒడ్డు రోడ్డు మీద బండ్లను ఆపేస్తారు కనుక, గాంధీ విగ్రహం దాకా పిల్లను దింపి పరిగెత్తనిచ్చాను. వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ కంచం ఖాళీ. ఒంటరిగా, దీపం ముందు, వేడివేడిగా, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నానని చెప్పింది. ఆమె ముఖం చూసి నా కంచంలో చల్లారినది ఏమిటో నేను పట్టించుకోలేదు.

పిల్ల మళ్ళీ కుర్చీ ఎక్కింది. నా చేప పక్కన ఉన్న నిమ్మచెక్కను తానే అందుకుని నోట్లో పెట్టుకుంది. ముక్కు, కళ్ళు, నుదురు అన్నీ ఒకచోటికి వచ్చాయి, ఒళ్ళు జలదరించింది. "ఇంకోటి," అంది.

ఎనిమిదింపావుకు లేచాము. కింద పడిన అన్నం మెతుకులు మా ఆవిడ నాప్కిన్‌తో ఏరుతుంటే, యానాం కుర్రవాడు "వదిలేయండమ్మా, నేను చూసుకుంటానండి" అన్నాడు. ఆమె వదలలేదు. నేను వెళుతూ ఆ పెద్దాయన బల్ల పక్కనుండి నడిచాను. క్షమించమందామనుకున్నాను, తీరా ఆయన వంటకం అప్పుడే వచ్చింది, ఊరుకున్నాను. పిల్ల మాత్రం నా భుజం మీదినుండి ఆయనకు చెయ్యి ఊపింది. ఆయన ఫోర్కు పట్టుకున్న చేతితోనే కాస్త ఊపాడు.

వేసవిలో మళ్ళీ ఒక ప్రయాణం ఉంది. మా ఆవిడ బల్లలు వెదకడం మొదలుపెట్టింది. ఫోను చేసే పని నాది. హైచెయిర్ ఉందా, దానికి పట్టీ ఉందా అన్నవి మొదటి రెండు ప్రశ్నలు.