కర్బన రహిత గృహాలు: నిలకడ లేనిది ధర కాదు, మాట

ధర పెరిగితే వ్యాపారి తట్టుకుంటాడు, తగ్గితే సర్దుకుంటాడు. నిబంధన ఎప్పుడు మారుతుందో తెలియనప్పుడు మాత్రం సరుకు నిల్వ పెట్టడానికి జంకుతాడు. కొత్త ఇళ్ల విషయంలో బ్రిటన్‌లో జరిగింది ఇదే.

ఇంగ్లండులో 2016 నుంచి కట్టే ప్రతి కొత్త ఇల్లూ కర్బన రహితంగా ఉండాలని అప్పటి ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ 2006 డిసెంబరులో ప్రకటించారు. గడువు సుమారు పదేళ్లు. గోడల్లో వేడిని నిలిపే సామగ్రి, రెండు మూడు పొరల అద్దాల కిటికీలు, సౌరఫలకాలు, హీట్ పంపులకు ఇక ఢోకా లేని గిరాకీ ఉంటుందని మార్కెట్ వర్గాలు ఆశించడం సహజమే.

అయితే 2011లో నిర్వచనాన్నే సడలించారు. టీవీ, ఫ్రిజ్ వంటి వాటికి వాడే కరెంటును లెక్క నుంచి తప్పించారు. గడువు గుమ్మంలోకి వచ్చాక, 2015 జూలైలో, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ హయాంలో పథకాన్నే పక్కన పెట్టారు. పునరాలోచించవలసిందిగా 200కు పైగా సంస్థలు లేఖ రాసినా ఫలితం లేకపోయింది.

బిల్డర్లపై భారం తగ్గితే ఇళ్ల నిర్మాణం ఊపందుకుంటుందన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. కాని బిల్డరుకు తగ్గిన ఖర్చు ఇంట్లో కాపురముండేవారి పద్దులోకి చేరింది. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర భగ్గుమన్నప్పుడు, గ్యాసు బాయిలర్లతో కట్టిన కొత్త ఇళ్లవారు సైతం చలికాలపు బిల్లులకు బెంబేలెత్తారు.

2025 నుంచి కొత్త ఇళ్లలో గ్యాసు బాయిలర్లు ఉండరాదని మరో ఆర్థికమంత్రి ఫిలిప్ హామండ్ 2019లో ప్రకటించారు. మధ్యలో 2022 జూన్‌లో నిబంధనలు కొంత బిగించినా, ఆ మాట అమల్లోకి రాకుండానే 2025 గడిచిపోయింది.

ఇది మన వర్తకులకు సంబంధం లేని సంగతి కాదు. అక్కడ సమస్య చలి, ఇక్కడ వేడి, అంతే తేడా. నివాస భవనాలకు ఎకో నివాస్ సంహిత మన దేశంలో 2018లోనే వచ్చింది. వేడి ప్రాంతాల్లో గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి చేరే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి విధించింది. 2022 చట్ట సవరణ పెద్ద నివాస భవనాలను ఇంధన నిబంధనల పరిధిలోకి తెచ్చే వీలు కల్పించింది. అమలు భారం ప్రధానంగా రాష్ట్రాలది. ఎర్ర ఇటుక తగ్గించి ఏఏసీ బ్లాకులు, మామూలు అద్దం తగ్గించి రెండు పొరల అద్దం నిల్వ పెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు ఆ అమలు మీదే ఆధారపడి ఉన్నది.

నిబంధన కఠినమైనా మార్కెట్ దారికి వస్తుంది. కావలసిందల్లా ముందుగా చెప్పిన తేదీ, అంచెలంచెలుగా బిగింపు, చెప్పినది చెప్పినట్లు అమలు. ప్రభుత్వాలు ఆ మాత్రం భరోసా ఇచ్చేవరకు, ప్రకటన చూసి కాక గెజెట్ చూసి సరుకు దింపుకోవడమే వర్తకులకు క్షేమం.