టూల్‌బాక్స్ నుంచి లాగి పెట్టిన బాక్స్ 3 కిలోలు మింగేసింది

ఈ సైట్‌లో మనం మాట్లాడుకునేది ఎక్కువగా ఫోన్ల గురించే. డిస్‌ప్లే ఎన్ని నిట్స్, ఛార్జింగ్ ఎన్ని వాట్స్, ఈ రేటుకి కొనొచ్చా లేదా. ఈసారి కాస్త పక్కకి వెళ్తున్నా. మీ ఊళ్ళో హోల్‌సేల్ కొట్లోనో, రైస్ మిల్లులోనో, పాత డెస్క్‌టాప్ మీద బూడిద రంగు కిటికీలతో నడిచే సాఫ్ట్‌వేర్ చూసే ఉంటారు. దాన్ని ఎవరూ రివ్యూ చేయరు, అన్‌బాక్సింగ్ వీడియో తీయరు. కానీ రోజంతా దాని ముందు కూర్చునేవాళ్ళు ఉన్నారు. అందులో పడిన అంకెని బట్టి కూలి తీసుకునేవాళ్ళూ ఉన్నారు. అలాంటిది ఒకటి నేనే రాశాను. అందులో నేను చేసిన తప్పు గురించి చెప్తాను.

పలాస అంటే జీడి. ఉద్దానం తోటల్లోంచి వచ్చే పిక్కల ధర ఇక్కడ 80 కిలోల బస్తా లెక్కన మాట్లాడుకుంటారు. ఫ్యాక్టరీలో పిక్క కొట్టి, తొక్క తీసి, పప్పుని సైజులవారీగా ఏరతారు. డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులు. ఆ అంకె ఒక పౌండుకి సుమారు ఎన్ని విరగని పప్పులు తూగుతాయో చెప్తుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. నేను సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన చిన్న యూనిట్‌లో కూలి కిలోల లెక్క.

వాళ్ళ దగ్గరున్నది విండోస్ 7 మెషీన్. మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ 2020 జనవరి 14న ఆపేసింది, కానీ కొట్లో ఉన్న కంప్యూటర్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు? అందుకే బరువైన ఫ్రేమ్‌వర్క్‌ల జోలికి పోకుండా సి షార్ప్, విన్‌ఫార్మ్స్‌తో కానిచ్చేశాను. మనిషికి ఒక వరస. పేరు, గ్రేడుకి కాంబో బాక్స్, కిలోలకి న్యూమరిక్ అప్‌డౌన్. అంటే పక్కన పైకీ కిందకీ చిన్న బాణాలుండే అంకెల బాక్స్. టూల్‌బాక్స్‌లోంచి లాగాను, ఫారం మీద పెట్టాను, డబ్బులు తీసుకున్నాను.

రెండో వారం కూలి ఇచ్చే రోజు నేను అక్కడే ఉన్నా. ఒకామె చీటీ పట్టుకొచ్చి అడిగింది. "ఏటి బాబూ, నాను తూసినప్పుడు పద్నాలుగుంది. మీ కంపూటర్ పదకొండంటంది?" తూకం దగ్గర ఎవరో పొరపాటు రాసుంటారని చెప్పి పంపేశాను. సాఫ్ట్‌వేర్ కూడికలో తప్పు చేయదు కదా అన్న ధీమా. ఆ మాట ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తర్వాతి సోమవారం ఆపరేటర్ అక్క పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నా, పొద్దున్నుంచి. అక్క బాక్స్‌లో 14 కొట్టింది. కింది పేర్ల కోసం మౌస్ చక్రం ఒక్క గీత తిప్పింది. జాబితా కదల్లేదు. "ఈ మౌస్ ఎప్పుడూ ఇలాగే మొరాయిస్తాది బాబూ" అంటూ పక్కనున్న స్క్రోల్ బార్ పట్టుకుని లాగింది. ఆమె కళ్ళు కింది పేరు మీద ఉన్నాయి. పైన బాక్స్‌లో 14 కాస్తా 11 అయి కూర్చుంది.

మౌస్ బాగానే ఉంది. విండోస్ 7లో పాయింటర్ ఎక్కడున్నా, చక్రం తిరిగిన కబురు ఫోకస్ ఉన్న కంట్రోల్‌కే వెళ్తుంది. ఫోకస్ ఉన్నది కిలోల బాక్స్‌కి. విండోస్ సెట్టింగుల్లో ఒక గీతకి 3 లైన్లు అని డిఫాల్ట్‌గా ఉంటుంది. న్యూమరిక్ అప్‌డౌన్ దాన్నే తీసుకుని 3 మెట్లు దిగుతుంది. కబురు తానే తినేస్తుంది కాబట్టి జాబితా కదలదు. ఇందులో బగ్ ఏమీ లేదు, కంట్రోల్ తనకి చెప్పిన పనే చేసింది. ఫాంట్ సైజు మార్చుకునే డైలాగ్‌లో ఇది ఎంతో సుఖం. కూలి లెక్క దగ్గర మాత్రం దొంగ తూకం.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. రెడీమేడ్ కంట్రోల్ అంటే ఖాళీ డబ్బా కాదు. ఎవరి టేబుల్‌నో ఊహించుకుని ఎవరో తీసుకున్న పదిరవై నిర్ణయాలు దాంట్లో ఉంటాయి. అదే న్యూమరిక్ అప్‌డౌన్ తీసుకోండి. డిఫాల్ట్‌గా గరిష్ఠం 100, దశాంశ స్థానాలు 0, పై కింది బాణం కీలు కొడితే అంకె మారుతుంది. ఎక్సెల్ అలవాటున్నవాళ్ళు కింది వరసకి వెళ్దామని కింది బాణమే నొక్కుతారు. ఒక కిలో పోయినట్టే. మన బీటెక్ ల్యాబుల్లో కంట్రోల్ లాగి పెట్టడం, బటన్ మీద డబుల్ క్లిక్ చేసి కోడ్ రాయడం దగ్గర ఆగిపోతాం. ప్రాపర్టీస్ విండోలో రంగు తప్ప ఏదీ ముట్టుకోం. నేనూ అంతే.

ఇది చెప్తే ఓ ఫ్రెండ్ అన్నాడు, "అయితే సొంత కంట్రోల్ గీసేయ్, మొత్తం నీ చేతిలో ఉంటుంది." చిన్నది ఒకటి గీసి చూశాను కూడా. చతురస్రం గీయడం పది నిమిషాల పని. దాంట్లో తెలుగు రాయడం దగ్గర తెలిసొచ్చింది. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఒక్కో కోడ్‌నీ విడిగా గీస్తూ పోతే 'పిక్కలు'లో వత్తు విడిపోయి ప్రాణం లేనట్టు పక్కన పడింది. సరే, గీయడం విండోస్‌కే వదిలేసినా, కర్సర్ ఎక్కడ నిలబడాలి, బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం పోవాలా వత్తు పోవాలా, కళ్ళు కనపడనివాళ్ళ స్క్రీన్ రీడర్‌కి ఈ బాక్స్ ఏమని చెప్పుకోవాలి... ఇవన్నీ మన నెత్తినే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఐఫోన్లని క్రాష్ చేసిన సంగతి ఈ సైట్ చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.6తో గానీ అది సర్దుకోలేదు. యాపిల్‌కే అంత చెమట పట్టించిన లిపిని శని ఆదివారాల్లో నేను గీసేస్తానా?

కాబట్టి మధ్యదారి. ఉన్న కంట్రోల్‌ని ఇన్‌హెరిట్ చేసుకుని, మనకి పనికిరాని అలవాట్లు మాత్రం మాన్పించడం. న్యూమరిక్ అప్‌డౌన్ నుంచి ఒక క్లాస్ తీసి, ఆన్ మౌస్ వీల్ ఓవర్‌రైడ్ చేశాను. ఇప్పుడు అంకె మారదు, చక్రం జాబితాకే వెళ్తుంది. ఇంటర్‌సెప్ట్ యారో కీస్ అనే ప్రాపర్టీ ఫాల్స్ చేశాను. మొత్తం పదిహేను లైన్లు దాటలేదు.

ఎంటర్ కీ సంగతి అక్కే చెప్పింది. ఆమె ముందు చేసిన చోట టాలీ. టాలీలో ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్తుంది. విండోస్ ఫారంలో దానికి ట్యాబ్ కొట్టాలి, ఎంటర్ కొడితే డిఫాల్ట్ బటన్ నొక్కుకుంటుంది. కుడిచెయ్యి నెంబర్ ప్యాడ్ మీద పరిగెత్తే మనిషికి ట్యాబ్ ఎడంచేతి కొసన ఎక్కడో ఉంటుంది. ఎంటర్‌కి తర్వాతి కంట్రోల్‌కి దూకేలా రాశాక ఆమె ఎంట్రీ వేగం చూస్తే నాకే ముచ్చటేసింది. ఏ డిజైన్ గైడ్‌లోనూ ఇది రాసుండదు, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

సైజుల గొడవ ఇంకోటి. విన్‌ఫార్మ్స్ బటన్ పుట్టుకతో 75 పిక్సెళ్ళ వెడల్పు, 23 ఎత్తు. టెక్స్ట్ బాక్స్ ఎత్తు 20. పాత డాట్‌నెట్‌లో ఫాంట్ 8.25 పాయింట్ల మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్. దాంట్లో తెలుగు లేదు, విండోస్ వేరే ఫాంట్ తెచ్చి అతికిస్తుంది. ఇంగ్లిష్‌కి కొలిచిన ఎత్తులో మన వత్తులు అడుగున తెగుతాయి. నేను పక్కపక్కనే రెండు బటన్లు పెట్టాను: 'పద్దు', 'రద్దు'. ఆ సైజులో, కింద వత్తు తెగిపోయి, రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకటి లెక్కలో రాస్తుంది, ఇంకోటి తీసేస్తుంది! ఇప్పుడు ఫాంట్ నిర్మలా యూఐ, 12 పాయింట్లు (విండోస్ 8తో వచ్చిన ఫాంట్ కాబట్టి మెషీన్ కూడా మార్పించాల్సి వచ్చింది). బటన్లకి ఆటోసైజ్. 'రద్దు' తీసేసి 'వద్దు, తీసెయ్' అని రాసి, దూరంగా జరిపాను.

అక్షరాల లిమిట్ పెట్టేవాళ్ళకి ఒక చిన్న లెక్క. 'శ్రీకాకుళం' మన కంటికి నాలుగు అక్షరాలు. మ్యాక్స్ లెంగ్త్ లెక్కలో పది. యూటీఎఫ్-8లో దాచితే 30 బైట్లు. ఊరి పేరుకి 20 బైట్లు చాలనుకుని డేటాబేస్ కట్టినవాళ్ళకి మన జిల్లా పేరే పట్టదు.

ఆ 3 కిలోల సంగతి షావుకారు గారికి చెప్పాను. పాత చీటీలు, తూకం పుస్తకం ముందేసుకుని రెండు వారాల ఎంట్రీలూ సరిచూశాం. తేడా వచ్చినవి ఇంకో ఆరు ఉన్నాయి. అన్నీ సరిగ్గా 3, లేదా 6. పైకి పెరిగినవి రెండు. వాటి గురించి ఎవరూ అడగలేదు, షావుకారు గారూ వదిలేశారు. తగ్గినవాళ్ళకి డబ్బు ఇచ్చేశారు. మొదట అడిగినామె తీసుకుంటూ నా వైపు చూసి, "నాను సెప్పినాను కదేటి" అంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, గ్రేడు కాంబో బాక్స్ కూడా చక్రం తిప్పితే 320 నుంచి 240కి జారిపోతుంది. ఆ రాత్రే మళ్ళీ విజువల్ స్టూడియో తెరిచాను.