చద్దరు లేనోళ్లకు చలి సలహాలు

చలి ముదిరిందంటే చాలు, వైద్య ఆరోగ్య శాఖ నుంచి ఒక ప్రకటన వస్తది. ఉన్ని బట్టలు వేసుకోండి. తల, చెవులు, చేతులు, కాళ్లు కప్పుకోండి. గోరువెచ్చని నీళ్లు తాగండి. పండ్లు తినండి. తెల్లవారుజామున, రాత్రిపూట బయట తిరగకండి. ముసలోళ్లను, పసిపిల్లలను కనిపెట్టుకొని ఉండండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రాజేయకండి. పత్రికలు లోపలి పేజీలో వేస్తయి, టీవీలు కింద అక్షరాలు నడిపిస్తయి. రెండు రోజులకు అందరూ మరిచిపోతరు. మళ్లీ ఏడాది అదే కాగితం తేదీ మార్చుకొని వస్తది.

ఆ కాగితంలో తప్పేమున్నదని మీరు అడగొచ్చు. వైద్యం పరంగా చూస్తే ఏమీ లేదు. అన్నీ నిజాలే. పేచీ ఎక్కడంటే, అందులోని ప్రతి వాక్యం జనాన్ని ఉద్దేశించిందే. మీరు వేసుకోండి, మీరు తాగండి, మీరు తిరగకండి. మరి సర్కారు ఏం చేస్తది? హాస్టల్ వార్డెన్ ఏం చేయాలె, మున్సిపల్ కమిషనర్ ఏం చేయాలె, మార్కెట్ కార్యదర్శి ఏం చేయాలె? ఆ వాక్యాలు ఎవరు రాయాలె?

ముందుగాల ఒక మాట. సలహాలను ఎగతాళి చేయడానికి ఈ వ్యాసం రాస్తలేను. వాటిలో రెండు మూడు ప్రాణం కాపాడేవి ఉన్నయి. కాని వాటిని నిమ్మకాయ, నారింజ పండ్ల మధ్య ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తరు. వాటినే ఇంటింటికీ తిరిగి చెప్పాలె.

మొదటిది కుంపటి. మన ఊర్లలో బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. తల్లికి, బిడ్డకు ఇగం తగలొద్దని తలుపులు, కిటికీలు బిగించి పెడతరు. బొగ్గులు సరిగ కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడతది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగ పట్టుకుంటది. తలనొప్పి, కండ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు కావడం దాని గుర్తులు. మెలకువతో ఉన్నోళ్లు బయటికి ఉరుకుతరు. నిద్రలో ఉన్నోళ్లకు ఆ అవకాశం కూడ ఉండదు. పొగ రాకపోతే ప్రమాదం లేదని చాలమంది నమ్మకం. పొగ లేని ఎర్రటి నిప్పులే ఎక్కువ మోసం చేస్తయి. కుంపటి పెట్టక తప్పదంటే తలుపో కిటికీయో తెరిచి ఉంచాలె, పండుకునే ముందు బయట పెట్టి ఆర్పాలె. పసిగుడ్డుకు వెచ్చదనం కావాలంటే కుంపటి కంటే తల్లి రొమ్ము మంచిది. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, మీదికెల్లి చద్దరు కప్పితే చాలు. పుట్టిన రోజే స్నానం పోయొద్దు, కనీసం ఒక దినం ఆగాలె.

రెండోది న్యుమోనియా. దగ్గు, జలుబు చలికాలంలో మామూలేనని ఊరుకుంటం. ఎప్పుడు మామూలు కాదో గడియారం ముల్లు చెప్తది. పిల్లగాడు ఏడ్వకుండ ఉన్నప్పుడు ఒక నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టాలె. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించితే, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేండ్ల లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించితే దవాఖానకు పోవాలె. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకున్నా లెక్క కూడ అవసరం లేదు, వెంటనే కదలాలె. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో సాన్స్ పేరుతోటి న్యుమోనియా మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. న్యుమోకోకల్ టీకా 2021లో దేశమంతట సర్కారు టీకాల్లో చేరింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు మూడు మోతాదులు, పైసా ఖర్చు లేదు. చలి ప్రకటనలో మొదటి వాక్యం ఇది కావాలె. ఏ ఊర్లో ఎందరు పిల్లలకు మూడో మోతాదు పడలేదో ఏఎన్ఎం రిజిస్టర్‌లో ఉంటది. ఆ పేర్లు పట్టుకొని నవంబర్‌లోనే ఇల్లిల్లు తిరిగితే, జనవరిలో కొన్ని పడకలన్నా ఖాళీగ ఉంటయి.

ఇంకొకటి, మందు. ఒక పెగ్గు వేస్తే చలి పోతదని మనోళ్ల శాస్త్రం. తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి ఒళ్లు వెచ్చగ అనిపిస్తది. నిజానికి లోపలి వేడి అట్లనే బయటికి పోతది. తాగి ఆరుబయట పండుకున్న మనిషికి వణుకు కూడ తెలువది. వణుకు అంటే శరీరం కొట్టే గంట. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. బీపీ, గుండె జబ్బు ఉన్న ముసలోళ్లకు చలిలో నాళాలు బిగుసుకొని బీపీ పెరుగుతది. గోలీలు ఎగ్గొట్టే కాలం కాదిది.

ఇగ అసలు సంగతికి వద్దాం. తెల్లవారుజామున బయటికి రావొద్దు అంటున్నరు సరే. మీరు లేవకముందే హైదరాబాద్ రోడ్డు ఊడ్చేది ఎవరు? ఆ సఫాయి అక్క తెల్లారకముందే చీపురు పట్టకపోతే హాజరు పడదు. పాలోళ్లు, పేపరోళ్లు, కూరగాయల మూటతో మొదటి బస్సెక్కే రైతులు, పత్తి బండితో మార్కెట్ యార్డు ముందర వరుసలో రాత్రంత జాగారం చేసే రైతు, మంచె మీద అడవి పందుల కాపలా కాసే రైతు, పెద్దాసుపత్రి గేటు బయట ప్లాస్టిక్ పట్టా పరుచుకొని పండే రోగి బంధువులు. వీళ్లంత సలహా వినక బయటున్నోళ్లు కాదు. లోపల ఉండే వీలు లేక బయటున్నోళ్లు. వీళ్లకు "బయటికి రాకండి" అని చెప్పడమంటే, ఆకలైనోనికి అజీర్తి కాకుండ తినమని చెప్పినట్టే.

సఫాయి కార్మికుల పనివేళ చలి రెండు నెలలు గంట వెనుకకు జరపడానికి ఏ బడ్జెట్ కావాలె? ఒక కమిషనర్ సంతకం చాలు. యార్డులో రాత్రి వేళ ఒక షెడ్డు తెరిచి, నెగడుకు కట్టెలు ఇచ్చి, తాగను వేడి నీళ్లు పెట్టడానికి ఎంత అవుతది? రైతు దగ్గర మార్కెట్ ఫీజు పేరు మీద వసూలైన పైసలు మార్కెట్ కమిటీ దగ్గరే ఉంటయి కదా. ఇండ్లు లేనోళ్ల సంగతి 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ చలిలో రోడ్డు మీద పడ్డ మనుషుల విషయం విచారణకు వచ్చినప్పుడు, నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలన్నది, అన్ని రాష్ట్రాలనూ అడిగింది. ఆ తర్వాత పట్టణ జీవనోపాధుల మిషన్ కూడ లక్ష మందికి కనీసం వంద మంది పట్టే ఆశ్రయం అని లెక్క రాసుకున్నది. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ 67 లక్షలు దాటింది. అంటే అప్పటి లెక్కకే 67 ఆశ్రయాలు, 6,700 మందికి చోటు. ఇప్పటి జనాభాకు ఎన్ని కావాల్నో లెక్క చెప్పాల్సింది పాలకులే.

చలి అంటే తెలంగాణలో అసలు పేరు ఆదిలాబాద్. 2016లో జిల్లాను నాలుగు ముక్కలు చేసినా చలి మాత్రం పాత హద్దులోనే ఉన్నది. సిర్పూర్ (యు), తిర్యాణి మండలం గిన్నెధరి, అర్లి (టి) పేర్లు ఏటా పత్రికల్లో వస్తయి. ఒంటి అంకెకు పడిపోయిన ఉష్ణోగ్రతలు, పొగమంచులో చెట్టు ఫొటో, చలిమంట చుట్టు నలుగురు. చూసి పట్నపోళ్లు మురుస్తరు. మంచు చూడనీకి కార్లు వేసుకొని కూడ పోతరు. ఆ ఫొటో వెనుక ఉన్న ఆశ్రమ పాఠశాల మీదికి కెమెరా తిరగదు.

ఇక్కడ ఒక సాంకేతిక మెలిక ఉన్నది. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో చలిగాలులు అనాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండాలె, అది కూడ సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు పడిపోవాలె. లేదంటే నేరుగా 4 డిగ్రీలకు దిగాలె. అంటే ఎప్పుడూ చల్లగ ఉండే ఊర్లో 9 డిగ్రీలు నమోదైతే పుస్తకం ప్రకారం అది చలిగాలి కాకపోవచ్చు. నేల మీద పండుకున్న పదేండ్ల పిల్లకు ఆ పుస్తకం తెలువది. ఒంట్లో కండ లేని, రక్తం తక్కువున్న పిల్లల శరీరం వేడి పుట్టించుకోలేదు. కడుపునిండ తిని జాకెట్ వేసుకున్నోనికి 9 డిగ్రీలు హాయి, అర్ధాకలితో పండుకున్నోళ్లకు అదే 9 జబ్బు. హెచ్చరిక గీత మనిషిని చూసి గీయాలె, థర్మామీటర్‌ను చూసి కాదు.

మండలాల వారీగా ఉష్ణోగ్రతలు సర్కారుకు తెలువయా అంటే, తెలుసు. డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ యంత్రాలు మండలాల్లో ఉన్నయి, పొద్దున్నే లెక్కలు వస్తయి. ఆ లెక్క పత్రికలకు పోతది. హాస్టల్ వార్డెన్ ఫోనుకు పోయి "రేపు పొద్దుగాల పిల్లలకు చన్నీళ్ల స్నానం చేయించొద్దు" అని చెప్తదా? ఆ ఒక్క తీగ కలిపితే సగం పని అయినట్టే. మిగిలిన సగం వార్డెన్ చేతిలో కూడ లేదు. కిటికీ రెక్కలు ఉన్నయా? వేడి నీళ్ల యంత్రం పెట్టిన్రు, అది నడుస్తున్నదా? నడవకపోతే కాగు కింద పెట్టను కట్టెలకు పైసలు ఏ పద్దు కింద రాయాలె? ఒక్కో పిల్లకు రగ్గు ఇచ్చిన్రా, ఇద్దరికి ఒకటా? ఎప్పుడు ఇచ్చిన్రు? టెండర్ డిసెంబర్‌లో పిలిస్తే సరుకు శివరాత్రికి దిగుతది. అప్పటికి చలి శివశివా అనుకుంట వెళ్లిపోయి ఉంటది.

రగ్గుల మాట వచ్చింది కాబట్టి గొంగడి మాట కూడ చెప్పుకోవాలె. ఉన్ని బట్టలు వేసుకోండి అని చెప్పే సర్కారుకు, ఉన్ని మన గడ్డ మీదనే పుడతదని యాది ఉన్నదా? దక్కని గొర్రె నల్ల ఉన్ని కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద నేసిన గొంగడి చలిని ఆపుతది, వానను ఆపుతది, పరుపైతది, దుప్పటైతది. కురుమల ఇండ్లల్లో ఆ విద్య ఉన్నది, కొనేటోడు లేడు. 2017లో గొర్రెల పంపిణీ పెద్దయెత్తున జరిగింది, వచ్చినవి ఎక్కువగ మాంసం జాతులు. వాటి ఒంటి మీద ఉన్ని ఉండదు. హాస్టల్ రగ్గుల కొనుగోలులో కొంత వాటా గొంగళ్లకు ఇస్తే పిల్లలకు వెచ్చదనం, నేసేటోనికి కూలి. గరుకుగ ఉంటదని పిల్లలు గునిస్తరేమో, లోపల ఒక నూలు చద్దరు వేస్తే సరి.

భాష సంగతి. ప్రకటన తెలుగులో వస్తది, ఇంగ్లీషులో వస్తది. గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే ఇండ్లల్లో కుంపటి ప్రమాదం ఎవరు చెప్పాలె? ఆదిలాబాద్ ఆకాశవాణికి గోండి కార్యక్రమాల అనుభవం ఉన్నది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర అవుతది. మెస్రం వంశపోళ్లు అంతకు ముందు దినాల తరబడి కాలినడకన పోయి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తరు, మర్రిచెట్ల కింద బస చేస్తరు. పూసలు గుచ్చినంత సేపే పొద్దుండే పుష్యమాసంలో, సరిగ్గ చలి నడుమ. ఇన్ని వేల మంది ఒక్క చోట కలిసే ఆ జాతర కంటే మంచి జాగ ఏది దొరుకుతది ఈ మాటలు చెప్పను? వాళ్లను ఆరుబయట పండుకోవద్దంటే వినరు, వినాల్సిన అవసరం కూడ లేదు. అది వాళ్ల ఆచారం. కట్టెలు, వేడి నీళ్లు, శ్వాస లెక్కపెట్టే నర్సు, గోండిలో చెప్పే గొంతు అక్కడ ఉంటే చాలు.

పైసలు లేవంటరు. ఉన్నయి. చలిగాలులు 2012 నుంచి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నయి. అంటే రాష్ట్ర విపత్తు నిధి దీనికి వాడుకోవచ్చు. ఎండదెబ్బ ఆ జాబితాలో లేకపోయినా 2025లో మన రాష్ట్రం దాన్ని సొంతంగ విపత్తుగ ప్రకటించుకొని, చనిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తమన్నది. మంచి పనే. ఎండకు ముందస్తు ప్రణాళిక రాసుకోవడం నేర్చుకున్న యంత్రాంగం చలికి ఎందుకు రాయదు? ఎండదెబ్బకు పోయిన మనిషి రోడ్డు మీద అందరి కండ్ల ముందు పడతడు. చలికి పోయిన ముసలాయన గుడిసెలో, తెల్లారగట్ల, చప్పుడు లేకుండ పోతడు. గుండె ఆగిందంటరు, వయసైపోయిందంటరు. చలి అని రాసే డాక్టర్ ఎక్కడున్నడు? రాయని చావుకు పద్దు ఉండదు.

కాబట్టి ఆరోగ్య శాఖను అడిగేది ఒక్కటే. ఆ ప్రకటనకు రెండో పేజీ జోడించండి. మొదటి పేజీ జనానికి, రెండోది ఆఫీసులకు. ఏ హాస్టల్‌లో ఎన్ని రగ్గులు తక్కువున్నయి, ఎన్ని కిటికీలకు రెక్కలు లేవు, ఎక్కడ వేడి నీళ్లు లేవు అన్నది మండలాల పేర్లతోటి అచ్చు వేయండి. సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికి పోతరు, బడులు ఖాళీగ ఉంటయి. ఉట్నూర్ ఐటీడీఏ అధికారులు అనుకుంటే ఆ కొద్ది దినాల్లోనే గదులన్నీ తిరిగి లెక్క రాసుకోవచ్చు. పిల్లలు తిరిగి వచ్చేసరికి కనీసం కిటికీలన్నా బిగించొచ్చు.