ఇంటి ముచ్చట్లు: డ్రాయింగు దండుగ చదువా?

పోయిన నెల మా పద్మనగరులో ఒక యింటి పంచాయితీకి వెళ్ళి కూర్చోవలసివచ్చింది. ఆస్తి తగాదా కాదు, అన్నదమ్ముల వేరింటి కాపురమూ కాదు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి డ్రాయింగు పరీక్షకు కూర్చోవచ్చునా, కూడదా అన్నదే తగవు.

తండ్రి సాంచెల మీద పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు దిగివచ్చి ఎర్రబడిన కళ్ళతో కూర్చున్నాడు. "సేటు వారానికి రెండు రోజులు సాంచెలు బందు పెడుతున్నడు. గీ రంగులకు, కుంచెలకు పైసలెక్కడివే అన్నా? బొమ్మలేస్తే కడుపు నిండుతదా? ఆ గంట లెక్కలు చేసుకుంటే నాలుగు మార్కులన్న వస్తయి" అన్నాడు. పిల్ల తలవంచుకుని గోడకు ఆనుకున్నది. తల్లి మాత్రం, "అది అడిగింది పట్టుచీర కాదు, సొమ్ము కాదు" అని గొణిగింది.

అతన్ని తప్పుపట్టటానికి నాకు నోరు రాలేదు. మా అబ్బాయి చేతిలోని బొమ్మల పుస్తకం లాక్కుని లెక్కల పుస్తకం పెట్టినవాణ్ణే నేనూను.

ఇంతకూ ఆ పరీక్ష సంగతి. మహారాష్ట్రలో కళా సంచాలనాలయం వారు బడిపిల్లలకు రెండు డ్రాయింగు పరీక్షలు జరుపుతారు. మొదటిది ఎలిమెంటరీ, రెండవది ఇంటర్మీడియట్. పేరు చూసి కాలేజీ చదువనుకోకండి. ఎదుట పెట్టిన వస్తువును చూసి గీయటం, జ్ఞాపకం మీద దృశ్యం గీయటం, డిజైను కూర్చటం, రేఖాగణితం, అక్షరాలు తీర్చటం - యివీ అందులోని అంశాలు. రెండవ పరీక్ష గట్టెక్కినవారికి పదవ తరగతి ఫలితంలో గ్రేడును బట్టి అదనపు మార్కులు కలుస్తాయి.

ఈ మాట చెప్పగానే తండ్రి ముఖం కొంచెం తెరిపిన పడింది. "మార్కులు కలుస్తయంటే మంచిదే" అన్నాడు.

మూల మంచం మీది తాతకు మాత్రం కోపం వచ్చింది. "మార్కులకేనారా?" అన్నాడు. ఆయన పుట్టపాక వైపు నుంచి వచ్చినవాడు. పడుచుతనంలో ఆసు పోసి చిటికి కట్టిన చెయ్యి. కళ్ళద్దాలు తుడుచుకుని మనుమరాలి పుస్తకం అందుకున్నాడు. ఆమె గళ్ళకాగితం మీద ఒక పువ్వుల వరుస వేసింది. వేలితో గళ్ళు లెక్కపెడుతూ పోయి ఒకచోట ఆగాడు.

"బిడ్డా, గీడ ఒక గడి తప్పినవ్. పువ్వు పక్కకు జరుగుతది. గది దిద్దితే, దీన్ని చిటికి కట్టొచ్చు."

ఆ మాటతో యిల్లంతా నిశ్శబ్దమైంది.

చిటికి పనిలో నేయకముందే నూలుకు రంగు పడాలి. ఏ పోగును ఎక్కడ కట్టాలో గళ్ళ లెక్క చెబుతుంది. కట్టినచోట రంగు అంటదు. మగ్గమెక్కిన తరువాత ఆ మచ్చలన్నీ ఒకచోట కూడి పువ్వవుతాయి. 1804లో ఫ్రాన్సులో జాకార్డు తయారుచేసిన సాధనానికి కూడా గళ్ళకాగితమే ఆధారం. గడిని బట్టి అట్టకు రంధ్రం, రంధ్రాన్ని బట్టి పడుగు పోగు లేవటం. ఈనాడు ఆ గళ్ళను కంప్యూటరు నింపుతుంది. అడిగితే పువ్వు కూడా గీసి యిస్తుంది. కాని అది నేతకు పనికివస్తుందా, ఎక్కడ గడి తప్పింది అని పట్టుకోవటానికి ఆ తాతకున్న కన్ను కావాలి. ఆ కన్ను చిన్నతనంలోనే తెరుచుకోవాలి.

మన భివండీ సాంచెల మీద దిగేది చాలావరకు సాదా కోరాగుడ్డ. దానికి రంగూ అచ్చూ తరువాత పడతాయి, విలువా తరువాతే పెరుగుతుంది. కడుపు కోసం చేతిమగ్గం విడిచివచ్చాము, అందులో తప్పులేదు. కంటిపని కూడా విడవాలా?

రాజమండ్రిలో 1897లో పుట్టిన దామెర్ల రామారావు సంగతి చూడండి. అతని చేతిలోని నేర్పును కనిపెట్టి ప్రోత్సహించినవాడు అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి వచ్చి జె.జె. కళాశాలలో చదివాడు. తిరిగివెళ్ళి రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1925లో, ముప్పయి ఏళ్ళైనా నిండకుండానే పోయినా తెలుగు చిత్రకళకు దారి వేసిపోయాడు. 1857లో వెలసిన ఆ జె.జె. మనకు ఎంత దూరం? కల్యాణ్‌లో లోకల్ ఎక్కి, మన పెద్దలు బోరీబందరు అనే స్టేషనులో దిగితే నడిచిపోవచ్చును. గోదావరి ఒడ్డు పిల్లవాడికి అందినది మన పిల్లలకు దూరమా?

బొమ్మలు వేసినవారందరికీ ఉద్యోగాలు దొరుకుతాయని నేననను. అట్లా అంటే అబద్ధమవుతుంది. కాని గీయటం నేర్చిన పిల్ల చూడటం నేర్చుకుంటుంది. కొలత తప్పితే తనకు తానే తెలుసుకుంటుంది. ఆ విద్య ఏ పనిలోనైనా అక్కరకొస్తుంది.

తండ్రి ఫీజు కట్టాడు. అమ్మాయి ఆ గడి దిద్దుకున్నది. ఏ గ్రేడు వస్తుందో చూడాలి.

అమ్మలారా, అయ్యలారా! ఈ ఆదివారం మీ పిల్లల డ్రాయింగు పుస్తకం ఒకసారి తెరవండి. ఇంట్లో మగ్గమెరిగిన పెద్దలుంటే వారి చేతికివ్వండి. వారి చూపు మందగించకముందే యివ్వండి.