కంపు చేయించిన శాసనము

లండను నగరము క్రింద విక్టోరియా రాణి కాలమునాటి యిటుక సొరంగములు నేటికిని మురుగునీటిని మోయుచున్నవి. దీపములు పట్టుకొని వానిలోనికి దిగి, కమానుల సొగసునకు మురిసి, ఛాయాచిత్రములు తీసికొని వచ్చువారు కొందఱు కలరు. వారి ముచ్చటను మేము కాదనము. కాని యా చిత్రములను జూపి, ఆనాటి పాలకుల దూరదృష్టి యెంతటిదని కీర్తించువారికి మాత్రము బదులు చెప్పక తప్పదు.

దూరదృష్టియా? చరిత్ర యేమనుచున్నదో చూతము. 1848-49లో కలరా లండనున 14,000 మందికి పైగా పొట్టబెట్టుకొనెను. 1853-54లో మఱల వచ్చి 10,000కు మించిన ప్రాణములను హరించెను. కలుషితమైన నీటివలననే యీ వ్యాధి వ్యాపించుచున్నదని 1854లో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీధి పంపును నిదర్శనముగా జూపెను. 1856లో ఇంజనీరు జోసెఫ్ బజల్జెట్ మురుగుకాలువల ప్రణాళికను సిద్ధపఱచెను. ప్రభుత్వమువారు దానికి వంకలు పెట్టి కాలము గడపిరి.

పేదల యిండ్లనుండి పాడెలు లేచునపుడు కదలని పార్లమెంటు 1858 వేసవిలో కదలినది. ఏల? థేమ్సు నది కంపు సభాభవనపు కిటికీలలో జొరబడినది! తెరలను సున్నపు క్లోరైడులో తడిపి కట్టినను సభ్యులు నిలువలేకపోయిరి. జూలై 15న డిజ్రేలీ బిల్లు తెచ్చెను. ఆగస్టు 2న అది శాసనమయ్యెను. ఇరువదినాలుగు వేల చావులు చేయింపలేని పనిని కంపు పదునెనిమిది దినములలో చేయించినది. దీనికా దూరదృష్టి యని పేరు?

పని గొప్పదే. 82 మైళ్ల ప్రధానపు కాలువలు. 31 కోట్ల 80 లక్షల యిటుకలు. నీరు తక్కువైనను అడుగున మడ్డి నిలువకుండ గ్రుడ్డువలె మలచిన సొరంగములు. ఇంజనీరు బుద్ధికిని, మట్టి త్రవ్విన కూలివాని చేతికిని మేము నమస్కరింతుము. కాని యా మేలు మొదట నెవ్వరికి దక్కెను? 1865లో క్రాస్‌నెస్ పంపుశాలను యువరాజు వైభవముగా ప్రారంభించెను. మఱుసటి యేడు కలరా వచ్చినపుడు, శ్రామికులు క్రిక్కిరిసి నివసించు తూర్పు లండనునకు కాలువ యింకను పూర్తికాలేదు. అచ్చటి కంపెనీ సరఫరా చేసిన నీరు వడకట్టినది కాదు. ఐదువేలమందికి పైగా మృతినొందిరి. అందు హెచ్చుమంది యా తూర్పుభాగమువారే.

జాగుచేయు నలవాటు విక్టోరియాతో పోలేదు. వాన కురిసినపుడెల్ల పాత కాలువలు పొంగి మురుగు థేమ్సులో పడుచుండగా, దానిని పట్టుటకు 25 కిలోమీటర్ల క్రొత్త సొరంగము పూర్తిగా పనిలోనికి వచ్చినది 2025లో!

కావున పాఠకులారా, ఏ నగరపు పాలకులనైనను వారి కట్టడముల సొగసునుబట్టి పొగడకుడు. ఎవరి వాకిట మురుగు నిలిచినపుడు వారు కదలిరో విచారింపుడు. తమ ముక్కునకు సోకినగాని పరుల ప్రాణము గుర్తురాని ప్రభుత్వము ఎన్ని సొరంగములు త్రవ్వినను దూరదృష్టి గలది కానేరదు.