కఱచు జోళ్లు

క్రొత్త చెప్పు కఱచునని మన యిండ్లలో చిన్నపిల్లలు సైత మెఱుగుదురు. కుక్క కఱచెను, తేలు కుట్టెను అని చెప్పుకొనునట్లే చెప్పు కఱచెనని చెప్పుకొందుము. కుక్కనైన కఱ్ఱతో తఱుమవచ్చును. జోడు వెలపోసి కొన్నది గనుక, కఱచిన మఱునాడును దానికే కాలప్పగింతుము.

ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో నొక సోదరి వ్రాసినది యీ విషయమునకు జెందినది. ఆమె తమ్ముడు అమెరికాలో నుద్యోగము చేయుచు, సెలవులకు వచ్చినపుడు బావగారికొక జత, ఆమె మామగారికొక జత తోలుజోళ్లు తెచ్చి యిచ్చెనట. అక్కడివారు వానిని బోటు షూలందురు. చూచుటకు సొగసుగానే యున్నవి గాని బల్లచెక్కవలె బిగుసుకొనియున్నవి. భర్తగారు రెండుదినములు ధరించి, మడమల తోలు లేచిపోగా, మూడవనాడు పాతచెప్పులతోనే కచేరికి పోయిరట. మామగారు పెద్దవారు, మధుమేహము గలవారు; వారి జత యింకను పెట్టెలోనే యున్నది. ఈ జోళ్లను పాడుచేయక మెత్తబఱచు నుపాయము చెప్పుడని యామె కోరినది. రెండు జతలకును ఒకే సమాధానము చెల్లునని మేము తొలుత ననుకొంటిమి. చెల్లదని తరువాత తోచినది. కారణము తుదను చెప్పెదము.

బోటు షూ అనగా పడవమీద వేసికొను జోడు. అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున పాల్ స్పెర్రీ యను నతడు తెరచాపపడవలపై విహరించుటయందు మిక్కిలి ప్రీతి గలవాడు. తడిసిన పడవబల్లపై జాఱిపడిన యనుభవము అతనికున్నది. ఒక శీతకాలమున తన కుక్క మంచుమీద జాఱక పరుగెత్తుట చూచి, దాని పంజాలను పరీక్షింపగా, అడుగున సన్ననిగాట్లు కనబడెను. రబ్బరుముక్కపై కత్తితో అట్టి వంకరగాట్లు కోసి, 1935లో ఈ జోటిని చేయించెను. నీరు గాట్లలోనికి తప్పుకొనగా రబ్బరు బల్లను పట్టుకొనును. అడుగు తెల్లగా నుండుట కేవలము వేడుకకు గాదు. నల్లరబ్బరు పడవబల్లలపై చారలు గీయునని యట్లు చేయుదురు. కుక్క కఱచుటతో మొదలిడిన మాకు, ఈ కఱచు జోటికి గురువు కుక్కయే యని తెలిసి నవ్వువచ్చినది.

దీని పైభాగము మందమైన తోలు. లోపల మెత్తనిగుడ్డ సాధారణముగా నుండదు. మంచిజోటియందు జోటి నోటిచుట్టును, మొలత్రాడువలె, ఒక తోలుత్రాడు కన్నములగుండ పోవును. ముందుముడి బిగించినచో మడమచుట్టును బిగియును. మఱియు అక్కడివారు దీనిని మేజోళ్లు లేకయే ధరించుట వాడుక. గట్టితోలునకును ఒట్టికాలికిని నడుమ నే యడ్డును లేనప్పుడు కఱవక యేమి చేయును?

తోలు గట్టిగా నేల యుండును? పశువుచర్మములోని సన్ననినారలు, చిక్కుపడిన దూదివలె ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. ఆ చర్మము క్రుళ్లకుండ పదునుచేయుదురు. బతుకమ్మలో మన మాడువారు పేర్చుకొను తంగేడుపూవు గలదు గదా, ఆ తంగేడుచెక్కతోనే మనదేశమున చిరకాలము తోళ్లు పదునుచేసిరి. చెన్నపట్టణమునుండి యవి విదేశములకును ఎగుమతి యయ్యెను. నేడు ఎక్కువభాగము క్రోమియము లవణములతో చేయుదురు. పదునైన తోలునకు నూనె పట్టింతురు. ఆ నూనె నారల నడుమ నుండి, అవి యొండొంటిపై జాఱుటకు తోడ్పడును. క్రొత్తజోటిలో ఆ నారలింకను కదలి యెఱుగవు. కాలివేడిమి, కొంచెపు చెమట, నడకలోని వంపు, ఈ మూడును కలిసి వానికి కదలిక నేర్పును. కావున జోటిని మెత్తబఱచునది నిజమునకు కాలే. తక్కిన యుపాయము లన్నియు దానికి సాయములు మాత్రమే.

అయితే ఒకమాట. తోలు వెడల్పునకు కొంత సాగును, నిడివికి సాగదు. నిలుచున్నప్పుడు పొడవైన వ్రేలికిని జోటికొనకును నడుమ బొటనవ్రేలి వెడల్పంత చోటు లేనియెడల ఎన్ని నెలలు తొడిగినను ఆ జోడు దారికి రాదు. అట్టిదానిని మార్చుకొనుటయే మంచిది. మడమ కొలదిగా జాఱుచున్నను, వ్రేళ్లవద్ద చోటుండి, తోలు మాత్రమే గట్టిగానున్నచో అపుడు ఓపికపట్టవచ్చును.

ఇక మన యిండ్లలోని చిక్కు. క్రొత్తజోళ్లను ఇంటిలోనే అరగంటసేపు తొడిగి తిరుగుడని విదేశీయులు తేలికగా చెప్పుదురు. మనము జోళ్లు గడపదాటి లోపలికి రానీయము. ఈ సంగతి తెలియక సలహా చెప్పినవారి సలహా మన కేమి ప్రయోజనము? మేము చేయు పద్ధతి చెప్పెదము. వీధిమెట్టు తొక్కని క్రొత్తజోడు అంటుపడినది కాదని మా యత్తగారు అంగీకరించి, వసారా వఱకును మేడపైకిని అనుమతి యిచ్చిరి. వంటింటివైపు మాత్రము చూడరాదు. ఆ వసారాలోనే సాయంకాలము పనియైన పిమ్మట ధరింపవలెను. సాయంకాలమే యేలననగా, దినమంతయు నిలిచి తిరిగిన కాలు అప్పటికి కొంచెము ఉబ్బియుండును. అప్పటి కాలికి సరిపడినది యుదయమునను సరిపడును. ఇందుచే మఱియొక లాభము గలదు. అడుగు మాయలేదు గనుక, సరిపడనిచో అంగడివాడు తిరిగి పుచ్చుకొనుటకు అభ్యంతరము చెప్పడు.

మొదటినాడు అరగంట చాలును. మందమైన నూలు మేజోళ్లు తొడిగి, చుట్టుత్రాడును ప్రక్కలవద్ద వ్రేలితో లాగి వదులుచేసి, నడువవలెను. నడుమనడుమ మెట్లెక్కి దిగుట మంచిది. కాలు వంగినచోటనే తోలు వంగుట నేర్చును. విప్పిన వెంటనే కాలు చూచుకొని, ఎఱ్ఱబడినచోటు మఱునాటికి పూర్తిగ తెల్లబడినచో కాలము పెంచవచ్చును. వారమున కొకగంట, రెండవవారమున మూడుగంటలు, ఇట్లు పోయిన తరువాతనే కచేరికి తొడిగి పంపవలెను. ఆ సోదరి భర్తగారు తొలినాడే పదిగంటలు ధరించిరి. తప్పు జోటిది కాదు.

మడమవెనుక భాగమే ఎక్కువ కఱచును. ఆకారము నిలుచుటకై అక్కడ లోపల గట్టియట్ట పెట్టి కుట్టుదురు. రెండుచేతులతో ఆ యంచును లోపలికిని వెలుపలికిని నెమ్మదిగా నొక్కుచుండవలెను, మడతపడునట్లు విఱువరాదు. లోపలియంచును నున్నని కఱ్ఱతో రుద్దుటయు మంచిదే. మేము పాత పప్పుగుత్తి కాడతో రుద్దితిమి. అది మరల వంటింటికి రాకూడదని చెప్పనక్కఱలేదు గదా.

నూనె విషయము. మన పల్లెలలో కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించుట అందఱెఱిగినదే. ఆ చెప్పు మందపుతోలు. ఎంత నూనెనైన త్రాగును, నల్లబడినను ఎవరును చింతింపరు. బోటు షూకు అట్లు చేసినచో రంగు మాఱును, జిడ్డునకు దుమ్ము పట్టును, ఎక్కువైన నూనె తోలును సాగలాడునట్లు చేయును. అంగడిలో తోలునకని యమ్ము లేపనమును గుడ్డకొనతో పలుచగా, మొదట మడమలోపల కనబడనిచోట రాచి చూచి, తరువాత మిగిలినచోట రాయవలెను. వానిలో కొన్ని పశువుల కాలియెముకలనుండి తీసిన నూనెతో చేసినవి. మా యింటి కొకరు ఆ సంగతి విని చెవులు మూసికొనిరి. తోలే తొడిగినవారికి నూనె దగ్గఱ నియమమేమిటని మేము పైకనలేదు.

కొందఱు జోటిని నీట తడిపి, కాలిమీదనే ఆఱనిండని చెప్పుదురు. తోలు సాగుట నిజమే. కాని తడిసిన చర్మమునకు ఒరపిడి యెక్కువ, బొబ్బ తొందరగా లేచును. మఱికొందఱు సంచిలో నీరుపోసి జోటిలో నుంచి మంచుపెట్టెలో గడ్డకట్టించుడని చెప్పుచున్నారు. పాలును పెరుగును ఉంచుచోట జోడు పెట్టుమని చెప్పువారికి మేము సమాధాన మీయజాలము.

ఎండయు పొయ్యివేడియు అన్నిటికంటె చెఱుపు. ఈ పాఠము మాకు సుంకముగట్టి వచ్చినది. ఒక వానకాలమున తడిసిన జోళ్లు త్వరగా ఆఱునని పొయ్యిప్రక్కన పెట్టితిమి. గంటకు చూడగా వ్రేళ్లవద్ద ముడుచుకొని, బొమ్మజోళ్లవలె నుండెను, వంచబోగా పగిలెను. తడిసినతోలు వేడికి నిలువలేదు. చెట్టుచెక్కతో పదునైనది సుమారు 70, 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే నారలు ముడుచుకొనును, మఱల సాగవు. కావున తడిసినజోటిలో కాగితపుటుండలు క్రుక్కి, నీడను గాలికి ఆఱబెట్టవలెను. సముద్రపునీట తడిసినచో ముందుగా మంచినీటితో కడుగవలెను.

బొబ్బ లేచినచో, పగులగొట్టక, సబ్బునీటితో కడిగి, శుభ్రమైన మెత్తనిపట్టీ వేసి, మానువఱకు ఆ జోటిని ముట్టరాదు. పై చర్మమే లోపలిదానికి మంచి కప్పు.

ఇంతవఱకు చెప్పినదంతయు భర్తగారి జతకు. ఇప్పుడు మామగారి జత.

మా దగ్గఱిబంధువుల యింట నాలుగేండ్ల క్రిందట జరిగినది చెప్పెదము. ఇంటిపెద్దకు పదునైదేండ్లుగా మధుమేహము. మనుమరాలి పెండ్లికని కుమారుడు మంచి తోలుజోళ్లు కొని తెచ్చెను. ఆయన వానిని ఉదయమున తొడిగి రాత్రివఱకు పెండ్లిపందిరిలో తిరిగిరి. రాత్రి కోడలు ఉతుకుటకని మేజోళ్లు తీయగా, ఒకదానిపై రూపాయిబిళ్లంత మఱక కనబడెను.

"మామగారూ, కాలికేమైనది?"

"ఏమియు లేదమ్మా. ఈ క్రొత్తజోళ్లు బహుసుఖముగా నున్నవి. నొప్పి యను మాటయే లేదు."

ఆమె దీపముపట్టి చూడగా చిటికెనవ్రేలి ప్రక్క చర్మము పూర్తిగా లేచిపోయి, లోపలిమాంసము కనబడుచుండెను. మఱునాడు వైద్యునివద్దకు గొనిపోయిరి. పుండు మానుటకు అయిదు మాసములు పట్టినది. ఇంక రెండుదినములు గమనింపక తొడిగియున్నచో వ్రేలు తీసివేయవలసివచ్చెడిదని వైద్యుడు చెప్పెను.

మధుమేహము చాలకాల మున్నవారికి పాదములలోని నరములు మొద్దుబాఱును. ముల్లు గ్రుచ్చుకొన్నను, జోడు కఱచినను తెలియదు. పైగా కాలికి రక్తప్రసారము తగ్గినవారికి చిన్నపుండును మానదు. మనము జోటిని మెత్తబఱచునపుడు, ఇక చాలునని మనకు చెప్పునది నొప్పియే. ఆ నొప్పి లేనివారికి గట్టిజోడు సుఖముగానే యుండును, అందులోనే యపాయ మున్నది.

కావున ఆ పెద్దవారి జతను మెత్తబఱచు ప్రయత్నమే వలదని మా యభిప్రాయము. వారికి కొన్ననాడే మెత్తగానుండి, వ్రేళ్లవద్ద వెడల్పై, లోపల కుట్టుమిట్టలు లేని జోడు కావలెను. మేజోళ్లు లేక ధరించునది అసలే తగదు. అట్టి మెత్తనిజోటినైనను క్రొత్తలో దినమునకు గంట, రెండుగంటలకు మించి తొడుగనీయరాదు. తొడుగుటకుముందు లోపల చేయిపెట్టి రాయి, మేకు లేవని చూడవలెను. విప్పగానే అరికాలు, మడమ, వ్రేళ్లసందులు ఎవరైన చూడవలెను. ఎఱ్ఱనిమచ్చ కొంతసేపటికి పోనిచోగాని, చర్మము చిట్లినచోగాని ఇంటివైద్యము చేయక వైద్యునికి చూపవలెను. మామగారి కాళ్లు కోడలు చూచుట యెట్లని కొందఱు జంకుదురు. పండుగనాడు ఆ పాదములకే మ్రొక్కుచున్నాము గదా. దీపముపట్టి చూచుటకు సిగ్గేల? అత్తగారు చూచినను, మనుమడు చూచినను సరియే; ఎవరో యొకరు ప్రతిదినమును చూడవలెను.

తమ్మునికి మనసు నొచ్చునని ఆ సోదరి సంకోచింపరాదు. ఉన్న సంగతి వ్రాసి, ఆ జతను మార్పించుకొనుమనవలెను. వీలుకానిచో కాలు సరిపడిన మఱియొకరికి ఈయవచ్చును. ఈమారు పంపునపుడు పొరపాటు లేకుండుటకు, సాయంకాలము మామగారిని రెండు కాగితములపై నిలువబెట్టి, రెండుపాదముల చుట్టును పెన్సిలుతో గీసి పంపవలెను. కూర్చుండబెట్టి గీయరాదు, బరువుపడినపుడు పాదము పఱచుకొనును. రెండు కాళ్లలో నొకటి పెద్దదిగానుండుట సామాన్యము. పెద్దదాని కొలతనే తీసికొనవలెను.

మఱచితిమి. భర్తగారి జోటి తోలుత్రాళ్లు మాటిమాటికి ఊడుచున్నవని యామె జాబు చివర వ్రాసినది. త్రాటికొనలను కొంచెము తడిపి ముడివేసి ఆఱనిచ్చినచో ముడి బిగుసుకొనును. మడమలు మానిన పిమ్మట అరగంటతో మొదలుపెట్టి, ఎట్లున్నదో మాకు మరల వ్రాయగోరుచున్నాము.